పదకొండు డీజిల్ డబ్బాలు

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టి పావుగంటైనా కాలేదు. తేజశ్రీ అప్పుడే రెండు ముద్దలు మింగేసి, నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని పడమటి బజారు వైపు పరుగు తీసింది.

"ఆగవే తేజా! మాస్టారు ఇద్దర్నీ కలిసి వెళ్ళమన్నారు గదా!" బడి వరండాలోంచి సిద్దికా కేకేసింది. ఆమె బాక్సులో అన్నం ఇంకా సగం అలాగే ఉంది.

"నువ్వు తినేలోపు నేను బజారంతా రాసుకొచ్చేస్తాలే!" అంది తేజశ్రీ, వెనక్కి చూడకుండానే.

తేజశ్రీకి ఒక జబ్బు ఉంది. డాక్టరుకు చూపించే జబ్బు కాదు. ఏ పనైనా అందరికంటే ముందు తనదే అయిపోవాలి. లెక్క తప్పు వచ్చినా సరే, ఏడో తరగతిలో మాస్టారి టేబుల్ మీద మొదట పడే నోట్‌బుక్కు మాత్రం తనదే కావాలి.

ఆ రోజు శుక్రవారం. సాయంత్రం బడి ఆవరణలో సినిమా వేస్తున్నారు. పాటలూ ఫైటింగులూ ఉండే సినిమా కాదు. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు లేకపోతే లోకానికి ఒక్క పూట కూడా గడవకుండా ఎలా అయిపోయిందో చూపించే డాక్యుమెంటరీలు. ఒంగోలు నుంచి పర్యావరణం వాళ్ళు ప్రొజెక్టరు తెచ్చి, శుక్రవారం రెండు, శనివారం రెండు వేస్తామన్నారు. వాటి మధ్యలో మన ఊరి సంగతి కూడా చెప్పాలని వెంకటనారాయణ మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. ఇంటింటికీ వెళ్ళి ఎవరింట్లో ఎంత చమురు వాడుతున్నారో పిల్లలే అడిగి చార్టు రాయాలి. బాగా రాసినవాళ్ళు దాన్ని మైకులో చదవాలి.

మైకు అనగానే తేజశ్రీకి ఆకలి పోయింది.

మొదట తన ఇంటికే వెళ్ళింది. వాళ్ళమ్మ కోటిరత్నం పంచలో కూర్చుని పత్తిలోంచి ఎండాకులు ఏరుతోంది. వెనక గదిలో పత్తి కప్పు దాకా ఉంది.

"అమ్మా, మనింట్లో డీజిలు ఎంతుంది?"

"ఇంట్లో డీజిలు ఎందుకుంటదే? ఇంత పత్తి గుట్టేసుకుని, పక్కన డీజిలు పెట్టుకుంటారా ఎవరన్నా?"

"మరి కిరసనాయిలు?"

"రేషనుది మూడు లీటర్లు. అన్నం తిన్నావా?"

తేజశ్రీ అప్పటికే నోట్‌బుక్కు తెరిచింది. 'బుల్లయ్య గారి ఇల్లు: డీజిలు సున్నా' అని నాన్న పేరు మీద రాసుకుంది. ఆ సున్నా చుట్టూ ఇంకో గీత గీసి ముచ్చటపడింది. తరువాత గబగబా బజారంతా తిరిగింది. ఏ ఇంట్లో అడిగినా డీజిలు లేదనే అన్నారు. చార్టు చప్పగా తయారవుతోంది. ఇట్లాంటిది మైకులో చదివితే ఎవరు వింటారు?

బజారు చివర నన్నే సాహెబ్ ఇల్లు. సిద్దికా వాళ్ళ నాన్న ఆయన. ఆయనకు ఆయిల్ ఇంజను ఒకటి ఉంది. కరెంటు స్తంభాలు వెయ్యని చేలకు దాన్ని బండి మీద తీసుకెళ్ళి, కుంటలోంచి నీళ్ళు తోడి పెడతాడు. ఇంట్లో ఎవరూ లేరు. ఆయన కుంట దగ్గర ఉన్నాడు, వాళ్ళావిడ పత్తి తీయడానికి వెళ్ళింది.

పక్కనే రేకుల షెడ్డు. తేజశ్రీ తలుపు సందులోంచి తొంగి చూసింది.

డబ్బాలు! పది లీటర్ల డీజిల్ డబ్బాలు, గోడ వెంట వరసగా. ఒకటి, రెండు, మూడు... పదకొండు. ప్రతి డబ్బా మెడకూ ఒక గుడ్డ పీలిక కట్టి ఉంది. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది, ఒకటి పచ్చ చుక్కలది. మూత బిగుసుకోవడానికి కాబోలు అనుకుంది.

ఎవరినైనా అడగాలా? కళ్ళెదుట కనిపిస్తుంటే ఇంక అడిగేదేముంది! 'నన్నే సాహెబ్ గారి ఇల్లు: డీజిలు నూట పది లీటర్లు' అని రాసుకుని, బడికి పరుగెత్తింది. అందరికంటే ముందు ఆమె చార్టే మాస్టారి టేబుల్ మీద పడింది. మాస్టారు అప్పుడు ప్రొజెక్టరు వైర్ల గొడవలో ఉన్నారు. అక్షరాలు గుండ్రంగా ఉండటం మాత్రం చూసి, "భేష్" అన్నారు.

సాయంత్రానికి బడి నిండిపోయింది. గోడకు తెల్ల దుప్పటి కట్టారు. బడి కప్పు మీద మైకు గొట్టం బిగించారు. కింద మైకులో మాట్లాడితే ఊరి చివర దాకా వినిపిస్తుంది. తేజశ్రీ వాళ్ళమ్మ మైకు వినపడనంత దూరంలో, చేను దగ్గర కట్టేసిన గేదె పాలు పితకడానికి వెళ్ళింది. నాన్న కూడా చేలోనే ఉన్నాడు. నన్నే సాహెబ్ మాత్రం పని ముగించుకుని, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. గోడ వారగా కూర్చున్నాడు. పక్కన సిద్దికా.

మొదటి సినిమాలో నల్లటి సముద్రం కనిపించింది. ఓడ పగిలి చమురంతా నీళ్ళలో కలిసిపోయింది. రెక్కలు అంటుకుపోయిన కొంగ ఒకటి ఎగరలేక ఒడ్డున నిలబడింది. ఎవరో ముసలమ్మ "అయ్యో, ఎంత పాపం!" అని పైకే అనేసింది. ఎక్కడో ఎడారిలో చమురు తోడే మనిషి ఒకడు కెమెరా వైపు చూసి చేతులు చాపాడు. మోచేతుల దాకా నలుపే.

సినిమా అయిపోగానే తేజశ్రీని పిలిచారు. ఆమె మైకు ముందు నిలబడింది. ఒక్కో ఇంటి పేరూ చదివింది. డీజిలు సున్నా, సున్నా, సున్నా. తన ఇంటి పేరు వచ్చినప్పుడు గొంతు ఇంకాస్త పెంచింది. "బుల్లయ్య గారి ఇల్లు, డీజిలు సున్నా!"

తరువాత ఊపిరి తీసుకుని, చార్టులో లేని మాటలు కూడా కలిపింది. "మన పడమటి బజారులో అందరికంటే ఎక్కువ చమురు తగలేసే ఇల్లు, నన్నే సాహెబ్ గారిది! నూట పది లీటర్లు!"

జనంలో నవ్వులు లేచాయి. వెనక నుంచి కోటేష్ అనే ఏడో తరగతి కుర్రాడు, "డీజిల్ సాయిబు!" అని అరిచాడు. నవ్వులు రెట్టింపయ్యాయి. కొంతమంది పెద్దవాళ్ళు మాత్రం నవ్వకుండా తలలు వంచుకుని కాళ్ళ దగ్గర మట్టి గీకారు. ఎందుకో తేజశ్రీకి అప్పుడు అర్థం కాలేదు.

నన్నే సాహెబ్ కూడా కొంచెం నవ్వినట్టే చేశాడు. తరువాత చేతులు ఒళ్ళో దాచుకున్నాడు. ఎంత రుద్ది కడిగినా ఆ చేతుల గీతల్లో నలుపు పోదు. రెండో సినిమా మొదలై దీపాలు ఆర్పగానే కూతురి చెయ్యి పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఒంగోలు నుంచి వచ్చిన అక్క తేజశ్రీకి ఒక పెన్ను బహుమతిగా ఇచ్చింది. 'సిద్దికా చూడలేదే' అని ఒక్కటే ఆమె దిగులు.

శనివారం పొద్దున్నే గుమ్మం ముందు మోపెడ్ ఆగింది. తేజశ్రీ పళ్ళు తోముకుంటూ వెళ్ళి చూసింది. నన్నే సాహెబ్! బండికి రెండు వైపులా డబ్బాలు వేలాడుతున్నాయి.

"నాన్న ఉన్నాడా అమ్మా?"

"చేలోకి పోయాడు బాబాయ్."

"అయితే నువ్వే తీసుకో. ఇది మీ డబ్బా. నిండుగా ఉంది, పత్తికి దూరంగా పెట్టుకోమని అమ్మకు చెప్పు." డబ్బా దించి గుమ్మం పక్కన పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు. "ఇంక మీదట ఎవరి డబ్బాలు వాళ్ళింట్లోనే ఉంచుకోండమ్మా. నాకెందుకులే."

బండి పక్కింటి వైపు కదిలింది. తేజశ్రీ డబ్బా వైపు చూసింది. దాని మెడకు పచ్చ చుక్కల పీలిక కట్టి ఉంది.

ఆ చుక్కలు ఆమెకు బాగా తెలుసు. అది తన నాలుగో తరగతి గౌను.

నోట్లో నురగ అలాగే ఉంది. ఉమ్మడం కూడా మర్చిపోయింది. "అమ్మా!" అని పిలిచింది.

కోటిరత్నం బయటికి వచ్చి డబ్బా చూసి ఆశ్చర్యపోయింది. "ఇదేంది, ఆయన తిరిగిచ్చాడేంది? ఏమన్నా అన్నావా?"

"ఇది మనదా అమ్మా? మనింట్లో డీజిలు లేదన్నావు గదా!"

"ఇంట్లో లేదన్నా. అసలే లేదన్నానా? మన మిరప చేనుకు తడి పెట్టేదానికి డీజిలు కావద్దూ? ఇంజనుకు ఎవరి డీజిలు వాళ్ళే పోసుకోవాలి. బంకేమో దర్శిలో ఉండె. వారానికోసారి ఆయనే పోయి అందరికీ పోయించుకొస్తాడు. ఈ రోజుల్లో అందరిళ్ళల్లోనూ పత్తి. ఆయనకు సెంటు భూమి లేదు, ఇంట్లో పత్తి ఉండదు. అందుకని ఆయన షెడ్డులో పెట్టుకోమని మేమే అడిగాం. ఎవరిది ఎవరిదో తెలియాలని ఎవరింటి పాతగుడ్డ వాళ్ళం కట్టాం."

"మరి ఆ పదకొండులో ఆయన డబ్బా ఏది?"

"ఆయనకు డబ్బా ఎందుకే? నీళ్ళు పెట్టుకోను చేనే లేకపోయె."

తేజశ్రీ చెవులు వేడెక్కాయి. నిన్న రాత్రి మైకులో తాను అన్న మాటలు, ఒక్కొక్కటీ, అదే గొంతుతో మళ్ళీ వినిపించాయి. 'తగలేసే ఇల్లు' అంది. ఆయన తగలేసింది ఎవరి కోసం? తన నాన్న మిరప తోట కోసం. తన ఇంటి పేరు దగ్గర గొంతు పెంచి మరీ సున్నా అని చదివింది. గదిలోకి వెళ్ళి పెన్ను తీసి బడి సంచిలో పుస్తకాల అడుగున దాచేసింది. దాచినా అక్కడే ఉందని తెలుస్తూనే ఉంది.

బడికి వెళ్ళేసరికి పంపు దగ్గర కోటేష్, వాడి స్నేహితులు సిద్దికాను చూసి ముక్కులు మూసుకుంటున్నారు. "డీజిల్ సాయిబు కూతురొచ్చింది, అగ్గిపెట్టెలు దాచండ్రోయ్!" అంటున్నారు. సిద్దికా క్లాసులోకి వెళ్ళి, వెనక బెంచీలో కూర్చుంది. ఒకటో తరగతి నుంచి ఆమె తేజశ్రీ పక్కనే కూర్చునేది.

ఇంటర్వెల్లులో తేజశ్రీ వెనక బెంచీ దగ్గరికి వెళ్ళింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుంది.

"సిద్దీ, నాకు తెలియదే. తప్పయిపోయింది. ఇదిగో ఈ పెన్ను నువ్వు తీసుకో."

సిద్దికా పెన్ను వైపు చూడలేదు. "రాత్రి మా నాన్న అన్నం తినలేదు. చేతులు సబ్బు పెట్టి రుద్దుకుంటానే ఉన్నాడు" అంది. "ఆ మాట మైకులో అన్నావు. ఇప్పుడేమో ఎవరూ లేకుండా చూసి నా చెవిలో తప్పయిందంటన్నావు. నా చెవిలో చెప్తే ఎవరికి తెలుస్తది?"

తేజశ్రీ పెన్ను వెనక్కి తీసుకుంది. సిద్దికా చెప్పింది నిజం. ఆ నిజం వల్లే ఆమెకు ఇంకా సిగ్గుగా ఉంది. ఎవరూ చూడకుండా తప్పు ఒప్పేసుకుని, పెన్నుతో సరిపెట్టేసుకుందామనుకుంది తాను.

శనివారం ఒంటిపూట బడి. బెల్లు కొట్టాక మాస్టారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది. వెంకటనారాయణ మాస్టారు రోజూ ఒంగోలు బస్సులో వచ్చి వెళ్ళే మనిషి. డబ్బాల సంగతి ఆయనకూ తెలియదు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"చూడకుండా భేష్ అన్నది నేనమ్మా. నీ అక్షరాలు చూశాను గానీ, అడిగి రాశావా అని అడగలేదు." తరువాత, "ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?" అన్నారు.

"మళ్ళీ చదువుతానండీ. ఈసారి అడిగి రాస్తానండీ."

మధ్యాహ్నమంతా తేజశ్రీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి పరిగెత్తలేదు. ఏ గుమ్మంలో చూసినా ఒక డబ్బా ఉంది, దాని మెడకు పీలిక ఉంది. ఎర్ర అంచు పీలిక ఆదెయ్య తాతది.

"తాతా, మీ డబ్బా అని రాసుకోనా? సాయంత్రం మైకులో చదవాలి."

ఆదెయ్య చుట్ట నోట్లోంచి తీసి గయ్యిమన్నాడు. "నా పేరెందుకే పిల్లా? నిన్న ఆయన్ని నవ్వులపాలు చేసింది చాలక, ఇయ్యాల నన్నా? రాశావంటే చూడు!"

"మరి నిన్న నేను తప్పు చదువుతుంటే నువ్వక్కడే ఉన్నావు గదా తాతా. ఒకటి నాదని ఎందుకనలేదు?"

ఆదెయ్య చుట్ట వైపు చూశాడు. అది ఆరిపోయింది. లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

తిరిగిన ప్రతి ఇంట్లోనూ అదే మాటన్నారు. "మా పేరు చదవొద్దమ్మా." తేజశ్రీకి ఒళ్ళు మండింది. మొండిగా అందరి పేర్లూ చదివేద్దామా అనిపించింది. కానీ అడగకుండా ఇంకొకళ్ళ పేరు చదివినందుకే గదా ఇదంతా! కాయితం మడిచి సంచిలో పెట్టేసింది.

పొద్దు గుంకాక బడికి బయల్దేరింది. చేతిలో చార్టు లేదు. పది లీటర్ల డబ్బా ఉంది. నాలుగడుగులకోసారి కింద పెట్టి చేతులు మార్చుకుంటూ మోసుకెళ్ళింది. కోటిరత్నం వెనకాలే వచ్చింది గానీ, డబ్బా తాను పట్టుకుంటానని అనలేదు.

గోడ వారగా నన్నే సాహెబ్ లేడు. సిద్దికా లేదు. ఆయన రానప్పుడు ఇంక చెప్పడమెందుకు, రేపు చెప్పొచ్చులే అని తేజశ్రీ మనసులో ఎవరో గొణిగారు. తలెత్తి చూసింది. బడి కప్పు మీద మైకు గొట్టం కనిపించింది. దాని నోరు పడమటి బజారు వైపే ఉంది.

మొదటి సినిమా అయ్యాక మాస్టారు పిలిచారు. తేజశ్రీ డబ్బాను తెల్ల దుప్పటి ముందు పెట్టి మైకు పట్టుకుంది.

"నిన్న నేను తప్పు చదివాను" అంది. గొంతు సన్నగా వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టింది. "నిన్న నేను తప్పు చదివాను. అడక్కుండా రాశాను. నన్నే సాహెబ్ బాబాయ్ ఇంట్లో డీజిలు... ఒక్క లీటరు కూడా ఆయనది కాదు. ఆయనకు చేను లేదు. ఆ డబ్బాలు మా చేలవి. ఈ డబ్బా మాది. ఈ గుడ్డ నా గౌనుది. బుల్లయ్య గారి ఇల్లు, డీజిలు పది లీటర్లు."

ఎవరూ నవ్వలేదు.

"మిగతా పది ఎవరివో చదవొద్దన్నారు. అందుకని చదవను." ఆమెకు ఏడుపు వచ్చేసింది. "నన్ను క్షమించు బాబాయ్" అని మైకులోనే అనేసి, మొహం చేతులతో కప్పుకుంది.

తరువాత వెనక నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆదెయ్య తాత లేచి నిలబడ్డాడు. మొహం చిటపటలాడుతోంది.

"ఎర్ర అంచుది నాది. రెండెకరాల మిరప, వారానికి పది లీటర్లు. రాసుకో!" అని కూర్చున్నాడు.

ఇంకో మూల నుంచి "నీలంది మాది" అని వినిపించింది. ఆ తరువాత ఇంకొకటి. తేజశ్రీ వాళ్ళది కాక అన్నీ కలిపి ఆరు. మిగతా నాలుగు డబ్బాల వాళ్ళు ఆ రాత్రికి నోరు విప్పలేదు.

ఆదివారం పొద్దున తేజశ్రీ మళ్ళీ డబ్బా మోసుకుంటూ రేకుల షెడ్డు దగ్గరికి వెళ్ళింది. నన్నే సాహెబ్ ఇంజను తుడుస్తున్నాడు. ఆమె గుమ్మం బయటే నిలబడింది.

"బాబాయ్, మా డబ్బా మీ షెడ్డులో పెట్టుకోవచ్చా?"

ఆయన తలెత్తి చూశాడు. చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. "లోపలి గోడకు పెట్టమ్మా. ఎండ తగలకూడదు" అన్నాడు. అప్పటికే అక్కడ ఎర్ర అంచు డబ్బా ఒకటి ఉంది.

అంతటితో అంతా సర్దుకుపోయిందని చెబితే అబద్ధమే అవుతుంది. పేరు పెట్టడానికి ఒక్క నిమిషం చాలు, అది పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదు. సోమవారం బడి పంపు దగ్గర సిద్దికా నీళ్ళు పట్టుకుంటుంటే కోటేష్ మళ్ళీ ముక్కు మూసుకున్నాడు.

"డీజిల్ సాయిబు కూతురొచ్చిందిరోయ్!"

తేజశ్రీ అప్పుడే గేటులోంచి వస్తోంది. కావాలంటే విననట్టు క్లాసులోకి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఆమెను చూడలేదు. చెవులు మళ్ళీ వేడెక్కాయి. కానీ తిన్నగా పంపు దగ్గరికే నడిచింది.

"ఒరేయ్ కోటేషూ," అంది, అందరికీ వినపడేలా. "ఆ డీజిల్లో పది లీటర్లు మాది. ఎవర్నన్నా పిలవాలంటే నన్ను పిలువు."

కోటేష్ ముక్కు మీది చెయ్యి తీసేశాడు. ఆ మిగిలిపోయిన నాలుగు డబ్బాల్లో ఒకటి వాళ్ళదే. ఆ సంగతి వాడికి తెలుసు, తేజశ్రీకీ తెలుసు. అయినా ఆమె వాళ్ళింటి పేరు ఎత్తలేదు.

సిద్దికా సీసా మూత బిగించి క్లాసులోకి వెళ్ళిపోయింది. తేజశ్రీ కూడా వెళ్ళి తన బెంచీలో కూర్చుని, పుస్తకం తెరిచి, అందులో ఏమీ కనిపించకపోయినా చూస్తూ ఉంది.

కాసేపటికి పక్కన ఎవరో సంచి పెట్టారు.

"జరుగు" అంది సిద్దికా.